చిత్రము చెడని కుదింపు
(సంఘ వార్షికోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఊరొకచోట, ఉద్యోగమొకచోట. గుంటూరున పుట్టినవాడు గౌహతిలో పనిచేయును. రాజమహేంద్రవరమున పెండ్లి జరుగుచుండగా జోధ్‌పూరున నున్న మేనమామకు సెలవు దొరకదు. అట్టి కుటుంబములకు వీడియో చిత్రము విలాసవస్తువు కాదు. రాలేకపోయిన వారికి పెండ్లి చూపునది అదియే; వెళ్లిపోయిన పెద్దల కంఠమును మరల వినిపించునదియు అదియే.

అయితే ఆ చిత్రము నేడు మోయలేని బరువైనది. 4కె అను పెద్ద కొలతతో తీసినచో నిమిషమునకు సుమారు 170 మెగాబైట్లు ఆక్రమించు ఫోనులు కలవు. ఆ లెక్కన మూడు గంటల పెండ్లికి 30 గిగాబైట్లు దాటును. ఫోను నిండిపోవును, పంపబోయినచో పోదు. అంతట ఇంటిలోని కుఱ్ఱవాడెవడో ఒక ప్రోగ్రామును సంపాదించి, ఆ ముప్పదింటిని ఒకటిగా కుదించి, చోటు చాలదని అసలు చిత్రమును చెరిపివేయును. చిన్న ఫోను తెరమీద అంతయు బాగుగనే కనిపించును. సంవత్సరము గడచిన పిమ్మట పెద్ద టెలివిజన్ మీద వేసి చూచినప్పుడు గదా, నాయనమ్మ ముఖము చదరపు ముక్కల అతుకుబొంతవలె అగుపించుట! అప్పటికి నాయనమ్మ ఉండకపోవచ్చును. అసలు చిత్రమెట్లును లేదు.

ఆ నష్టము రాకుండ వీడియోను కుదించుట ఎట్లు అనునదే ఈ ప్రసంగ విషయము. ఇందులో కొంత లెక్క వచ్చును. అది సంతలో చేయు లెక్కకంటె కష్టమైనది కాదు గనుక శ్రోతలు భయపడనక్కరలేదు.

మొదట, కుదింపు లేని చిత్రమెంత బరువుండునో చూడవలెను. ఫుల్ హెచ్.డి. అను కొలతలో అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువులుండును. ఈ బిందువులనే పిక్సెళ్లందురు. రెంటిని హెచ్చించగా ఒక్క నిశ్చలచిత్రమునకు, అనగా ఒక్క ఫ్రేమునకు, 20,73,600 పిక్సెళ్లు. ఒక్కొక్క పిక్సెలుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల పాళ్లు చెప్పుటకు మూడు బైట్లు. సెకనుకు 25 ఫ్రేములు. ఈ లెక్కన సెకనుకు 15 కోట్ల 55 లక్షల బైట్లు. గంటకు సుమారు 560 గిగాబైట్లు. ఒక డి.వి.డి. పళ్లెములో పట్టునది 4.7 గిగాబైట్లు. అనగా గంట చిత్రమునకు నూట ఇరువది పళ్లెములు కావలెను! ఇంత భారమును ఏ ఫోనును మోయలేదు. కావుననే కెమెరా చిత్రమును తీయుచుండగనే కుదించి భద్రపరచును.

ఇది మిక్కిలి ముఖ్యమైన సంగతి. ఇంటిలో ‘అసలు’ అని పిలువబడు ఫైలు కూడ ఒకసారి కుదింపబడినదే. దానిని జిప్ అను సాధారణపు మూటలో కట్టినచో నూటికి ఒకటి రెండు పాళ్లు తగ్గిన తగ్గును, లేకున్న లేదు. నీరు పిండివేసిన బట్టను మరల పిండినచో ఏమి కారును? బట్ట చిరుగుట తప్ప.

కుదింపు ఎట్లు జరుగునో తెలిసికొనుటకు తంతి వార్తలను జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. తంతి తపాలా శాఖలో పనిచేసిన పెద్దలు ఈ సభలో నుండవచ్చును. భారతదేశమున ప్రజలు చివరి తంతి వార్తలను ఇచ్చినది 2013 జులై 14వ తేదీన. ఆ తంతిలోనే నేటి వీడియో కుదింపునకు కావలసిన ఉపాయములన్నియు బీజరూపమున ఉండినవి. మోర్సు సంకేతములలో ఆంగ్లమున తఱచుగా వచ్చు ‘ఇ’ అను అక్షరమునకు ఒక్క చుక్క చాలును. అరుదుగా వచ్చు ‘క్యూ’ కు నాలుగు గుర్తులు కావలెను. తఱచు వచ్చుదానికి పొట్టిగుర్తు, అరుదైనదానికి పొడుగుగుర్తు. ఇందువలన వార్త చిన్నదగును గాని అందులో ఒక్క అక్షరమును పోదు. ఇది మొదటి ఉపాయము. శుభాకాంక్షల తంతిలో వాక్యమంతయు పంపక ఒక అంకెను మాత్రము పంపెడివారు. అవతలి తంతి కార్యాలయమువారు పట్టికలో ఆ అంకెకెదురుగా నున్న వాక్యమును వ్రాసి ఇచ్చెడివారు. ఇరువైపుల ముందే ఉన్నదానిని మరల పంపనక్కరలేదని దీని భావము. ఇది రెండవది. ఇక మూడవది, మాటకింత అని రుసుము గనుక, ‘పూజ్యులైన నాన్నగారి పాదపద్మములకు’ అని మొదలుపెట్టువాడు కూడ తంతిలో ‘రేపు బయలుదేరుచున్నాను’ అని మాత్రమే వ్రాసెడివాడు. ఇక్కడ నిజముగనే కొంత పోయినది. పోయినను వార్త చేరినది. నాన్నగారు స్టేషనుకు వచ్చిరి.

వీడియో కుదింపులో ఈ మూడును కలవు. మొదటి రెండింటివలన చిత్రమునకు హాని లేదు. బొమ్మ బాగుండుటయు చెడుటయు మూడవదానిని ఎంతవరకు సాగనిచ్చుచున్నారు అనుదానిపై ఆధారపడి యుండును.

రెండవ ఉపాయము వీడియోలో పనిచేయు రీతి చాల సొగసైనది. రంగస్థలముపై కూచిపూడి నర్తకి ఆడుచున్నదనుకొందురు గాక. వెనుక తెర కదలదు, దీపస్తంభము కదలదు, నట్టువాంగము చేయు గురువు చేయి మాత్రము కదలును. సెకనులో ఇరువదియైదు సార్లు ఆ తెరను మరల మరల వ్రాయుట ఎందులకు? అందుచేత కుదింపు పనిచేయు ప్రోగ్రాము – దీనిని ఎన్‌కోడరందురు – కొన్ని సెకనులకొకసారి ఒక ఫ్రేమును పూర్తిగా వ్రాసి, తరువాతి వానిలో మారిన దానిని మాత్రము వ్రాయును. కదలినదానిని గూడ క్రొత్తగా వ్రాయదు. ‘వెనుకటి ఫ్రేములో ఇక్కడ నున్న ముక్క ఇప్పుడు కుడివైపునకు ఇన్ని పిక్సెళ్లు జరిగినది’ అని సూచన ఇచ్చి, మిగిలిన చిన్న భేదమును మాత్రము చేర్చును. కొన్ని ఫ్రేములు ముందువెనుకల రెండువైపులనుండియు ఊహింపబడును. సెకనుకు 15 కోట్ల బైట్ల చిత్రము ఒక్క మిలియను బైట్లకు, అనగా 8 మెగాబిట్లకు, దిగివచ్చినను కంటికి చక్కగా నుండుటకు ముఖ్యకారణమిదియే. ఆ తగ్గుదల నూట ఏబది రెట్లకు పైబడినది.

మూడవ ఉపాయమున, అనగా వదలివేయుటలో, మనుష్యుని కన్ను ఏమి గమనింపదో తెలిసినవారి విద్య ఉన్నది. కంటికి వెలుగునీడల భేదము తెలిసినంత సూక్ష్మముగ రంగుల భేదము తెలియదు. అందుచేత వెలుగును ప్రతి పిక్సెలుకును వ్రాసి, రంగును నాలుగు పిక్సెళ్లకొకసారి వ్రాసినను చూపరి గుర్తింపడు. బరువు మాత్రము సగమగును. ఇంచుమించు అన్ని ఫోనులును, ప్రసారములును ఈ పని చేయుచున్నవి. ఇక మిగిలిన చిత్రమును చిన్న చిన్న చదరపు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కలోని మెల్లని మార్పును, వడిగల మార్పును వేరుపఱతురు. గోడమీది వెలుగు నెమ్మదిగా తగ్గుట మెల్లని మార్పు. చీర అంచుమీది జరీ వడిగల మార్పు. మెల్లనిదానిని జాగ్రత్తగాను, వడిగలదానిని ఉజ్జాయింపుగాను వ్రాసినచో కన్ను క్షమించును.

ఈ వేరుపఱచు గణితమునకు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారమ్ అని పేరు. దీనిని గూర్చి ఒక మాట చెప్పకుండ ముందునకు పోరాదు. దీని మూలపురుషుడు నాసిర్ అహ్మద్, బెంగుళూరున 1940లో పుట్టి అక్కడనే ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్లినవాడు. 1972లో ఆయన ఈ ఆలోచనను పరిశోధించుటకు ధనసహాయము కోరగా, అమెరికా జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానమువారు అది మరీ తేలికయైన సంగతియని ఇవ్వలేదు. ఆయన మానలేదు. తన శిష్యుడైన నటరాజన్, మిత్రుడైన కె. ఆర్. రావు అనువారితో కలసి వ్రాసిన వ్యాసము 1974 జనవరిలో వెలువడినది. ఆ రావుగారు కామిశెట్టి రామమోహనరావుగారు. ఇంటిపేరు వినినంతనే తెలుగువారికి చుట్టరికము స్ఫురించును. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, టెక్సాసు విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో అర్ధశతాబ్దికి పైగా బోధించి, ఆయన 2021లో కీర్తిశేషులైరి. ఫోనులో తీసిన జెపెగ్ ఛాయాచిత్రము మొదలు, డి.వి.డి., దూరదర్శన్ ఉచిత ఉపగ్రహ ప్రసారము, నేటి ఎచ్.264 వీడియో వరకు అన్నిటియందును ఈ గణితమో, దీని రూపాంతరమో పనిచేయుచున్నది. పేరంటములో తీసిన వీడియో చూచుచు మురిసిపోవు తల్లికి దాని వెనుక ఒక తెలుగు ఉపాధ్యాయుని చేయి యున్నదని తెలియదు. తెలిసినచో మురిపెము తగ్గదు గదా.

వదలివేయుట ఎక్కువైనప్పుడు ఏమగును? చదరపు ముక్కల అంచులు బయటపడును. దీపము చుట్టునున్న కాంతివలయము మెట్లు మెట్లుగా విడిపోవును. అన్నిటికంటె ముందు పోవునది అభినయము. చెక్కిలిపై మెదలు చిరునవ్వు, కనుకొలకుల చెమ్మ, భామాకలాపమున సత్యభామ ముఖమున తొట్రుపడు దర్పము – ఇవి వెలుగునీడలలో మిక్కిలి స్వల్పమైన మార్పులు. ఎన్‌కోడరుకు రసము తెలియదు. స్వల్పమైనది గనుక ముఖ్యము కాదని తీసివేయును. అప్పుడు ముఖము మైనపు బొమ్మవలె నున్నగా అగును. ఆభరణములు మెరయుచునే యుండును, నర్తకి మాత్రము ఆడుట మానినట్లుండును. పంపినవాడు ‘బొమ్మ బాగుగనే వచ్చినది’ అనును. చదరములు కనబడలేదు గనుక అతనికి అట్లే తోచును.

ఇప్పుడు పెండ్లి చిత్రమునకు వత్తము. పెండ్లిలో అందరును ఎదురుచూచు ఘట్టమేది? తలంబ్రాలు. ఎన్‌కోడరునకు అన్నిటికంటె కష్టమైన ఘట్టము కూడ అదియే. వేలకొలది బియ్యపు గింజలు, ముత్యములు ఒక్కసారిగా, ఒకదానితో నొకటి పొంతనలేక పడుచుండును. ఏ గింజ ఎటు పోవునో వెనుకటి ఫ్రేమును చూచి ఊహింప వీలులేదు. పై నుండి అక్షింతలు, ఆపై ఛాయాచిత్రకారుల మెరుపుదీపములు. ఒక్కొక్క మెరుపునకు ఫ్రేమంతయు తెల్లబడి, చేసిన ఊహలన్నియు వ్యర్థమగును. సెకనుకు ఇంతే ఇత్తునని ముందే బిగించిపెట్టినచో, పురోహితుడు ఊరక కూర్చున్న ఘడియలకును, తలంబ్రాల ఘడియకును ఒకే పద్దు దొరకును. పద్దు చాలని ఎన్‌కోడరు ఆ గింజలమీదనే అంతయు ఖర్చుపెట్టి, వధూవరుల ముఖములను చదరములుగా వదలివేయును. కావలసిన ఘట్టమే చెడును. అక్కరలేని ఘట్టము శుభ్రముగా నుండును. పుష్కర స్నానములందలి నీటి తుంపరలకును, దీపావళి చిచ్చుబుడ్లకును ఇదే గతి.

కాబట్టి మొదటి సూత్రము: పద్దును బిగింపరాదు, నాణ్యతను బిగింపవలెను. హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత ప్రోగ్రాములో ‘స్థిర నాణ్యత’ అను ఏర్పాటు కలదు. ఆజ్ఞలు వ్రాసి పనిచేయించుకొనువారు వాడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లో దీనినే సి.ఆర్.ఎఫ్. అందురు. ఎచ్.264 రీతిలో ఈ అంకె 0 నుండి 51 వరకు ఉండును; తగ్గినకొలది బొమ్మ మెరుగు, ఫైలు బరువు. ఎవరును ఏమియు చెప్పనిచో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తీసికొనునది 23. అంకె ఆరు పెరిగినచో ఫైలు ఇంచుమించు సగమగును. దాచుకొనదగిన కుటుంబ చిత్రములకు 18 నుండి 20 వరకు, చూచి వదలివేయు వానికి 23 చాలును. ఇట్లు చేసినచో ఎన్‌కోడరు పురోహితుని దగ్గర పొదుపు చేసి తలంబ్రాల దగ్గర ధారాళముగా ఖర్చుపెట్టును. గృహిణులకు ఈ పద్ధతి క్రొత్త కాదు. ఫైలు ఎంత వచ్చునో ముందుగా తెలియకపోవుట ఒక్కటే ఇందులోని లోపము.

ఇంతకు మించరాదని కొలత ఉన్నప్పుడు మాత్రము రెండు విడతల పద్ధతి వాడవలెను. మొదటి విడతలో ఎన్‌కోడరు చిత్రమంతయు చూచి ఎక్కడ కష్టమో గుర్తుపెట్టుకొనును. రెండవ విడతలో ఉన్న పద్దును తగురీతిని పంచును. పద్దు కట్టుట సులభము. రెండు గంటల చిత్రము 2 గిగాబైట్లలో ఇమడవలెననగా, 16,000 మెగాబిట్లను 7,200 సెకనులచేత భాగించవలెను, సెకనుకు 2.2 మెగాబిట్లు వచ్చును. అందులో ధ్వనికి 0.2 తీసివేయగా చిత్రమునకు మిగులునది రెండే. ఫుల్ హెచ్.డి. నృత్యమునకు ఇది చాలదు. అట్టియెడ 1280, 720 కొలతకు చిత్రమును తగ్గించుట మేలు. పిక్సెళ్లు సగమునకు లోపగును గనుక ఉన్న పద్దు వానికి సరిపోవును. పెద్దదైన చెడ్డ బొమ్మకంటె చిన్నదైన మంచి బొమ్మ చూచుటకు హాయిగా నుండును. ధ్వనిలో మాత్రము పిసినారితనము పనికిరాదు. సెకనుకు 192 కిలోబిట్ల ధ్వని గంటకు 86 మెగాబైట్లే. దానిని సగము చేసి మిగుల్చుకొనునది అల్పము. తాళముల నాదమును, మృదంగపు మెరుపును పోగొట్టుకొనునది అధికము.

ఏ రీతిని ఎన్నుకొనవలెను అను ప్రశ్న తఱచుగా వచ్చును. 2003లో వచ్చిన ఎచ్.264 ను పల్లెటూరిలోని పాత టెలివిజన్ కూడ సాధారణముగా చదువగలదు. 2013 నాటి ఎచ్.265 అదే నాణ్యతను ఇంచుమించు సగము చోటులో ఇయ్యవచ్చును గాని అన్ని పాత పరికరములును దానిని తెరువలేవు. 2018 నాటి ఏవీ1 ఇంకను పొదుపరి; దానికి తగిన పరికరములు క్రొత్తవి. అత్తగారింటికి పంపునది ఎచ్.264 లోను, స్వంతమున దాచుకొనునది ఎచ్.265 లోను ఉంచుట తెలివి. ఒక రీతి అంకెలను మరియొక రీతికి వర్తింపజేయరాదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లో ఎచ్.265 తనంత తీసికొను అంకె 28; దానిని చూచి ఎచ్.264 కు గూడ 28 పెట్టినచో బొమ్మ దెబ్బతినును.

తొందరపాటు ఇంకొక శత్రువు. ‘వేగము’, ‘నెమ్మది’ అని ఎన్‌కోడరులో మెట్లుండును. నెమ్మది అన్నచో అది ప్రతి ముక్కకును మంచి ఊహకై ఎక్కువగా వెదకును. అదే చోటులో మేలైన బొమ్మ వచ్చును. రాత్రి పెట్టి నిద్రించినచో ఉదయమునకు సిద్ధముగా నుండును. తెల్లవారులు మేలుకొని చూచుచుండుటవలన అది త్వరపడదు.

కుదింపు సగము పని తీయునప్పుడే జరిగిపోవును. మసక వెలుతురున తీసిన చిత్రములో ఇసుకవంటి రేణువులు కదలుచుండును. అవి ప్రతి ఫ్రేములోను మారును గనుక ఎన్‌కోడరునకు అవి ఎల్లప్పుడు కురియుచున్న తలంబ్రాలే. వేదికమీద మంచి దీపము పెట్టించి, కెమెరాను ముక్కాలిపీటపై నిలిపినచో, తరువాత చేయు ఏ చమత్కారమునకంటెను అది ఎక్కువ లాభము. చేతిలో పట్టుకొని తీసినచో కదలని తెర కూడ కదలును.

తెలుగు సంఘములకు ప్రత్యేకముగా వర్తించు చిక్కొకటి కలదు. ఉత్సవ చిత్రములలో కళాకారుల పేర్లు, పాటల పేర్లు తెరపై వేయుదురు. రంగును నాలుగు పిక్సెళ్లకొకసారి వ్రాయుదురని ముందు చెప్పబడినది. నీలిరంగుపై ఎరుపు అక్షరములు వేసినచో, వెలుగులో భేదము తక్కువ, రంగులోనే భేదమంతయు. ఆ రంగు మసకబారగానే అక్షరముల అంచులు కరిగిపోవును. ఆంగ్ల అక్షరము అంతటి దెబ్బకు నిలుచునేమో గాని, తెలుగునకు క్రింద వత్తులు, పైన గుడులు. ‘త’ క్రింది వత్తు ‘న’ వత్తుగా మారినను ఆశ్చర్యము లేదు. పేరు మారిన కళాకారుడు ఊరకుండడు. కావున నల్లనిదానిపై తెల్లని, లేక లేతపసుపు అక్షరములు పెద్దవిగా వేయుట శ్రేయస్కరము.

అతి ముఖ్యమైనది చివరకు మిగిలినది. ఒక్కసారియే కుదింపవలెను, అసలునుండియే కుదింపవలెను. టైపు మిషనుల కాలమున ఐదవ కార్బను ప్రతిని చూచి మరల టైపుచేసిన గుమాస్తాల కష్టము పెద్దలకు తెలియును. వీడియోలో ఇంతకంటె చిక్కున్నది. మొదటి కుదింపులో ఏర్పడిన చదరముల అంచులను రెండవ ఎన్‌కోడరు నిజమైన గీతలనుకొని, వానిని కాపాడుటకు పద్దు ఖర్చుచేయును. నిజమైన ముఖమునకు అంత తక్కువగును. వాట్సాప్‌లో వీడియోగా పంపినచో అది తానే కుదించి పంపును. దానిని దించి మరియొకరికి, వారు మరియొకరికి పంపుచు పోయినచో చివరకు చేరునది ఛాయామాత్రము. అదే ఫైలును ‘డాక్యుమెంటు’గా పంపినచో ఉన్నదున్నట్లు పోవును. కుటుంబములో అనేకులకు ఈ చిన్న భేదము తెలియదు. తెలిసినచో సగము బాధ తీరును.

పాత టేపులున్నవారు కూడ సంఘములో గలరు. మినీ డి.వి. టేపునుండి కంప్యూటరులోనికి ఉన్నదున్నట్లు దించినచో గంటకు సుమారు 13 గిగాబైట్లగును. ఆ చిత్రములు సెకనుకు 50 అర్ధచిత్రములుగా, బేసిగీతలొకసారి సరిగీతలొకసారి, వ్రాయబడినవి. వానిని సరిగా కలుపకుండ కుదించినచో కదలు చేతులకు దువ్వెనపండ్లవంటి గీతలు మొలచును. ఎన్‌కోడరు వానిని గూడ కష్టపడి కాపాడును. కావున ముందుగా డీఇంటర్లేసు అను ఏర్పాటుతో ఆ గీతలను సరిచేసి, తరువాత కుదింపవలెను. 720, 576 కొలత గల ఆ పాత బొమ్మను ఫుల్ హెచ్.డి. కి సాగదీసినచో బరువు పెరుగును గాని స్పష్టత రాదు. నలుచదరమునకు దగ్గరగా నున్న ఆ చిత్రమును వెడల్పు తెరకు సరిపోవునట్లు లాగినచో తాతగారు స్థూలకాయులగుదురు. అది వారికి చేసిన మర్యాద కాదు. టేపులు బూజుపట్టుచున్నవి, వానిని ఆడించు యంత్రములు దొరకుట అరుదైనది. ఈ పని వచ్చే బదిలీ వరకు ఆగదగినది కాదు.

కుదించిన ఫైలు పూర్తియైన వెంటనే అసలును చెరుపరాదు. తలంబ్రాలవంటి కష్టమైన ఘట్టమును ముప్పది సెకనులపాటు వేరుచేసి, రెండు మూడు అంకెలతో కుదించి, ఇంటిలోని పెద్ద తెరమీద చూచి, నచ్చిన అంకెతోనే మొత్తమును చేయవలెను. చూచునప్పుడు చీరలను గాక ముఖములను చూడవలెను. వెలుగున్న చోట గాక చీకటి మూలలను చూడవలెను. చివరివరకును ధ్వని పెదవులతో సరిపోవుచున్నదా అని గమనింపవలెను. హార్డ్ డిస్కులు చవకయైనవి. మరల తీయవీలులేని చిత్రముల అసలు ప్రతులను రెండు డిస్కులలో, రెండు ఊళ్లలో, ఉద్యోగస్థలమున ఒకటియు స్వగ్రామమున ఒకటియు ఉంచుట అన్నిటికంటె చవకయైన భీమా. ప్రతి డిస్కుమీదను ఏది అసలు, ఏది కుదించినది అని తెలుగున వ్రాసి అంటించుట మంచిది.

ఇక దీపములు తగ్గింపబడును. ఒకే తలంబ్రాల ఘట్టము 18, 23, 28, 34 అను నాలుగు అంకెలతో కుదింపబడి వరుసగా తెరపై చూపబడును. ఏది ఏదో ముందు చెప్పబడదు. ముందువరుసలోని వారు వధువు కన్నులను, వెనుకవరుసలోని వారు పెండ్లిపందిరి చీకటి మూలను గమనించి, తమకు తోచిన క్రమమును చీటిపై వ్రాసి కార్యదర్శిగారికి అందజేయ ప్రార్థన.